రెండు లెక్కపెట్టి కదిలినవాడు

ఏప్రిల్ చివరి శనివారం. ప్లెస్నా ఊరి చర్చి హాల్లో నలభై మంది పొద్దుటి నుంచి టీవీ ముందు కూర్చుని ఒక్క పేరు కోసం కాచుకుని ఉన్నారు. ముప్ఫై రెండు పెద్ద జట్లు వంతులవారీగా కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఏరుకునే మూడు రోజుల తంతులో అది ఆఖరి రోజు, ఏడు వరసల్లో ఏడో వరస. సాయంత్రం నాలుగు దాటాక ఎఫ్రైన్ సాల్సెడో పేరు తెర మీద పడింది. హాలు హాలంతా లేచి నిలబడింది. అతని తల్లి రొసారియో, పద్దెనిమిదేళ్లుగా మాంసం ఫ్యాక్టరీలో కత్తి పట్టిన మనిషి, రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చింది. వర్లీన్ కుసేరా కూడా ఏడ్చింది. తను చేసి తెచ్చిన గసగసాలు కూరిన కొలాచ బన్నుల పళ్లెం పక్కావిడ చేతిలో పెట్టి మరీ ఏడ్చింది.

అప్పుడు టీవీలో కోటు తొడుక్కున్న పెద్దమనిషి నోరు విప్పాడు. ఒళ్ళుంది, బలముంది, మంచి కుర్రాడని విన్నాను, కానీ ఆట చదవడం రాదు అన్నాడు. బంతి కదిలిపోయాక తీరిగ్గా కదులుతాడట. ఆగస్టు దాటి ఆ జట్టులో ఉంటే తనకు ఆశ్చర్యమేనట. సాక్ష్యంగా పాత ఆటల వీడియోల్లోంచి మూడు ముక్కలు చూపించారు. మూడింటిలోనూ ఎఫ్రైన్ కాళ్లు ఒక్క క్షణం నేలకు అతుక్కుపోయి, ఆ తర్వాత పరిగెత్తాయి. ఆ మూడు ముక్కలూ తీసింది వర్లీనే.

హాల్లో ఉత్సాహం చల్లారిపోయింది. వాడికేం తెలుసులే అని ఎవరో రొసారియోకి సర్దిచెప్పారు. వర్లీన్ కన్నీళ్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కోటు పెద్దమనిషికి ఏం తెలియదో ఆమెకు తెలుసు. ఊళ్లో ఆ సంగతి తెలిసినవాళ్లు నలుగురే, వాళ్లలో ఒకరు ఆవిడ.

తన జీవితం చెప్పుకోదగ్గదని వర్లీన్ ఏనాడూ అనుకోలేదు. ఊరికి ఉత్తరాన ఏడు మైళ్ల దూరంలో, మొక్కజొన్న చేల మధ్య పుట్టింది. పందుల్ని మేపింది, పద్దెనిమిదో ఏట బడి ముగించింది. లాడ్ కుసేరాను పెళ్లాడింది. లాడ్ పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు. ఆ చుట్టుపక్కల పెళ్లంటే రాత్రీ పగలూ పోల్కా నాట్యం. అతని వెనక ముక్కాలి స్టాండు మోసుకుంటూ తిరిగి ఆమె ఆ విద్య పట్టేసింది. మొహాలు ఎవడైనా తీస్తాడు, నువ్వు కాళ్లు తియ్యి, ఎవరికి నాట్యం వచ్చో అక్కడే తెలుస్తుంది అనేవాడు లాడ్. నలభై ఒక్క ఏళ్లకే గుండె ఆగి పోయాడు. ఆ ఏడాదే ఊరి కాలేజీ వాళ్లు వచ్చి ఆటలు తీసిపెట్టమన్నారు. ఒక్క సీజనే అని వెళ్లింది. ఇరవై ఏడేళ్లు ఉండిపోయింది.

ఆమె కూర్చునేది ముప్ఫై అడుగుల ఇనుప మంచె మీద. నవంబరులో ఆ మైదానం మీదుగా వచ్చే గాలి చెవులు కోసేస్తుంది. లాడ్ వేటకోటు తొడుక్కుని, రెండు జతల చేతితొడుగులు వేసుకుని, ఒళ్లో వేడినీళ్ల సీసా పెట్టుకుని, కింద ఇరవై ఇద్దరి కాళ్లు చూస్తూ ఉండేది. అన్నేళ్లు చూస్తే ఎవరికైనా ఆట వస్తుంది. ఏ కుర్రాడు భయపడ్డాడో, ఎవడికి మోకాలు నొప్పో, ఎవడు రాత్రి నిద్రపోలేదో ఆమె పైనుంచే చెప్పగలదు. ఎవరూ అడగలేదు. ఆ వృత్తిలో కెమెరా మనిషికి నోరుండకూడదు. కోచ్‌లు వస్తుంటారు, పోతుంటారు, ఫిల్ము తీసే మనిషి తీస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఫిల్మనేది ఎక్కడా లేదు, అంతా కంప్యూటరే, అయినా అందరూ దాన్ని ఫిల్మనే అంటారు.

ఎఫ్రైన్ ఆ మైదానంలోకి వచ్చింది నాలుగేళ్ల కిందట. లైన్‌బ్యాకర్. ముందు వరసలో బస్తాల్లా కూలబడే భారీ మనుషుల వెనక, నడిమధ్యలో నిలబడేవాడు. బంతి కదిలిన క్షణంలోనే అది ఎవరి చేతికి పోతుందో పసిగట్టి అటు దూకాలి, మోసుకొచ్చేవాణ్ణి పడగొట్టాలి. ఆ క్షణంలో సగం పోయినా పరుగంతా వృథా. అందుకే లైన్‌బ్యాకర్‌ను అంచనా కట్టేవాళ్లు చూసేది ఛాతీని కాదు, మొదటి అడుగుని. మొదటి ఏడాది ఎఫ్రైన్ మొదటి అడుగు చూసి వర్లీన్ మంచె మీద ఒక్కతే నవ్వుకుంది. పోల్కా పాట మొదలవక ముందే కాలు లేపేవాళ్లుంటారే, ఆ రకం.

రెండో ఏడాది హెడ్ కోచ్ డెల్ మార్క్‌వార్ట్ కొడుకు కోల్ట్ జట్టులోకి వచ్చాడు. ఎఫ్రైన్ వెనక, కుడివైపు, అందరికంటే చివర నిలబడే చోటు అతనిది. అతణ్ణి దాటితే ఇక అడ్డం లేదు. కోల్ట్ చెడ్డవాడేం కాదు, కానీ ఎవరు ఎటు వెళ్తున్నట్టు నటించినా అటే పరిగెత్తే రకం. అతను వదిలేసిన చోటు నుంచి అవతలివాళ్లు హాయిగా పరిగెత్తుకుపోయేవారు. ఇంకో కోచ్ అయితే అలాంటివాణ్ణి ఆడనివ్వకుండా బల్ల మీద కూర్చోబెడతాడు. డెల్ వేరే ఉపాయం చేశాడు. బంతి కదిలాక రెండు లెక్కపెట్టి, కోల్ట్ ఎటు పోయాడో చూసి, వాడు తప్పు దారిన పోతే ఆ కంత పూడ్చి, అప్పుడు కదలమని ఎఫ్రైన్‌కు హుకుం వేశాడు. ఎఫ్రైన్ అలాగే చేశాడు. మూడేళ్లు చేశాడు. కోల్ట్ తప్పులు కనబడటం మానేశాయి. ఎఫ్రైన్ ఆలస్యం మాత్రం అందరికీ కనబడింది.

వర్లీన్‌కు ఇది ఎవరూ చెప్పలేదు. చెవిన పడింది. కెమెరాకు మైకుంది. సాధనలో డెల్ అరిచేవాడు: "ఎఫ్రైన్, రెండు! రెండు లెక్కపెట్టు! నావాడు ఎటెళ్లాడో చూసి కదులు!" ఆటల్లో అయితే ప్రతి బంతికీ పక్కగీత మీద నుంచి "రెండూ" అని ఒక్క కేక. పదిహేను వందల మంది పట్టే స్టేడియంలో అది మంచె దాకా గంట కొట్టినట్టు వినబడేది.

అయితే ఆ కేక బయటికి పోయేది కాదు. బయటికి పంపే ఫిల్ములో శబ్దం ఉండదు. ఎక్కడా ఉండదు. పాతికేళ్ల కిందట అప్పటి కోచ్ ఒకాయన, కాలేజీకి విరాళాలిచ్చే వాళ్ల విందులో గెలిచిన ఆట చూపించబోతే, ఆయన తిట్టిన బూతులన్నీ విరాళమిచ్చే ఒక పెద్దింటావిడ చెవుల్లో పడ్డాయి. అప్పట్నించి శనివారం ఆట అయిపోగానే, పంపేముందు, శబ్దం తీసెయ్యడం నియమం. ఆ మీట నొక్కడం వర్లీన్ పని. మిగతా కాలేజీల్లోనూ ఇంతే. పెద్ద జట్ల తరఫున ఆటగాళ్లను వెతికే మనుషులు చీకటి గదుల్లో కూర్చుని ఏడాదికి వందల ఆటలు మూగగా చూస్తారు. అక్కడ ఎవరు ఎవరితో ఏమని అరిచారో వాళ్లెవరికీ అడగాలని కూడా తోచదు.

కుర్రాడు నోరు తెరిచి చెప్పొచ్చు కదా అంటారా? చెప్పకూడదు. అదింకో నియమం. ఎంపికకు ముందు జట్ల మనుషులు వచ్చి, ఎందుకయ్యా ఆలస్యమవుతోంది అని ఎఫ్రైన్‌ను అడిగారు. కోచ్ చెప్పాడని అంటే, వీడు పక్కవాడి మీదకు వేలు చూపించే రకం అని కాగితం మీద గీత పడుతుంది, ఆ గీత పడ్డవాణ్ణి ఎవరూ ముట్టుకోరు. డెల్ ఆ సంగతి ముందే దగ్గర కూర్చోబెట్టుకుని, తండ్రిలా భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. అందుకని ఎఫ్రైన్ అడిగిన ప్రతివాడికీ "తప్పు నాదేనండీ, దిద్దుకుంటాను" అన్నాడు. మర్యాదకు అన్న మాట. వాళ్లు దాన్ని తప్పు ఒప్పుకోలుగా రాసుకున్నారు. ఆటగాళ్లను ఆ మర్యాద నేర్పి పెంచేదీ వాళ్లే, ఆ మాటను పట్టుకుని ఉరి తీసేదీ వాళ్లే.

సోమవారం డెల్ రేడియోలో మాట్లాడాడు. మా పిల్లవాడికి అవకాశం రావడం మా ఊరికి గర్వకారణం, ఆట చదవడంలో కాస్త వెనక, మేం చెయ్యగలిగింది చేశాం అన్నాడు. వర్లీన్ ఆ సమయంలో పిండి పిసుకుతోంది. పిండిని బల్ల మీద వేసి కొట్టిన దెబ్బకు గిన్నెలు కదిలాయి. ఆ పిండితో చేసిన రొట్టె పొంగనే లేదు.

జూన్‌లో రాయ్స్ టిబ్బెట్స్ వచ్చాడు. ఎఫ్రైన్‌ను ఎంచుకున్న జట్టు తరఫున ఈ రాష్ట్రాలన్నీ తిరిగేది అతనే. నల్లగా, పొడుగ్గా ఉండే మనిషి, ఒకప్పుడు ఆడినవాడు, ఇప్పుడు తుంటి పట్టేసి కారు దిగడానికి రెండు నిమిషాలు తీసుకుంటాడు. ఏడో వరసలోనైనా తీసుకోండి, ఈ కుర్రాడి కాళ్లలో ఏదో ఉంది అని పైవాళ్లతో పోట్లాడింది అతనే. వచ్చే ఏటి కుర్రాళ్ల పేర్లు రాసుకోవడానికి వచ్చాడు గానీ మనసంతా ఎఫ్రైన్ మీదే ఉంది. డెల్ గదిలో వర్లీన్ తెర బిగిస్తూ ఉండగానే ఆ సంగతి డెల్‌ను అడిగాడు. మే నెల శిక్షణలో కూడా కుర్రాడు స్తంభంలా నిలబడిపోతున్నాడట. అక్కడి కోచ్‌లు విసుక్కుంటున్నారట.

డెల్ నిట్టూర్చాడు. "ఏం చెప్పమంటావ్ రాయ్స్. మూడేళ్లు గొంతు చించుకున్నాను వాడి కోసం. కొందరికి కళ్లుంటాయి, చూపుండదు. మంచి పిల్లాడే పాపం. వాళ్లమ్మ మాంసం కోసి పెంచింది."

ఆ పాపం అన్న మాట దగ్గర వర్లీన్ ఒళ్ళు భగ్గుమంది. గొంతు చించుకున్న మాట నిజమే. దేనికి చించుకున్నాడో తెలిసిన మనిషి చేతిలో వైరు పట్టుకుని కుక్కిన పేనులా నిలబడి ఉంది. తెర బిగించింది. గది దాటింది. నేరుగా తన ఫిల్ము గదిలోని అలమర దగ్గరికి వెళ్లి, ఇరవై ఏడేళ్లలో ఏదీ పారెయ్యని తన అలవాటు పుణ్యమా అని దాచి ఉంచిన అసలు రికార్డింగుల్లోంచి ఒకటి తీసుకుని, రాయ్స్ కారు పక్కన ఎండలో నిలబడింది. అతను కుంటుకుంటూ వచ్చేసరికి చెమటతో తడిసి ఉంది.

పది నిమిషాలు కావాలంది. కారులో కూర్చోబెట్టి కంప్యూటర్ తెరిచింది. తెర మీద బొమ్మ రాగానే రాయ్స్ మర్యాదగా తల ఊపాడు.

"ఇవన్నీ చూశానమ్మా. ఒకటికి పది సార్లు చూశాను."

"చూడకండి. వినండి."

విన్నాడు. ఒక బంతి, రెండు, మూడు. ప్రతిదానికీ ఆ కేక, ప్రతిదానికీ ఆ కాళ్లు ఆగడం. నోట్లో పొద్దుతిరుగుడు గింజలు నమలడం ఆపేశాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. ఆరోసారికి కేక వినబడక ముందే అతని పెదవులు రెండు అన్నాయి. తర్వాత అద్దంలోంచి డెల్ ఆఫీసు కిటికీ వైపు చాలాసేపు చూశాడు.

"తొమ్మిది జట్ల మనుషులం ఆ గదిలో కూర్చున్నాం అమ్మా. తొమ్మిదిమందిమీ ఒకటే ముక్క రాశాం. నేనూ రాశాను." తెర మీద ఆగిన బొమ్మ చూపించి అడిగాడు. "ఈ శబ్దం తీసేది ఎవరు?"

"కాలేజీ పద్ధతండీ. ఎప్పట్నించో ఉంది," అంది వర్లీన్.

అబద్ధం కాదు. అయినా కారు దిగేటప్పుడు ఆమె అతని మొహం చూడలేదు.

పైవాళ్లకు వినిపిస్తానని వెళ్లేముందు రాయ్స్ మాట ఇచ్చాడు, మాట నిలబెట్టుకునే మనిషి. రికార్డింగు పైకి పంపాడు. అక్కణ్ణించి ఎవరో డెల్‌కు ఫోను చేసి నాలుగు ప్రశ్నలు అడిగారు. జూలై మొదటి వారంలో డెల్ ఆమెను పిలిపించాడు. వర్లీన్ సిద్ధపడే వెళ్లింది. ఇరవై ఏడేళ్లుగా మూసుకున్న నోరు ఒక్కసారి తెరిస్తే ఎలా ఉంటుందో ఆ గది గోడలకు తెలిసింది. మీ వాడు చేసిన తప్పులన్నీ తెచ్చి ఆ పిల్లాడి నెత్తిన రుద్దారు, పైగా రేడియోలో కూర్చుని వాడికి ఆట చదవడం రాదంటారా, సిగ్గూ ఎగ్గూ లేదా అంది. మీ కొడుకు ఇవాళ పెద్ద కాలేజీలో కోచింగు పనికి కుదిరాడు, ఎవరి కాళ్ల మీద ఎక్కి కుదిరాడో చెప్పండి అంది. ఇంకా చాలా అంది. అందులో కొన్ని మాటలు పాతికేళ్ల కిందట ఆ పెద్దింటావిడ వినకూడనివే.

డెల్ మధ్యలో అడ్డు రాలేదు. ఆమెకు ఆయాసం వచ్చి ఆగాక కుర్చీలో వెనక్కి వాలాడు.

"అయిపోయిందా? సరే, నేను దుర్మార్గుణ్ణే అనుకో. మూడేళ్లు ప్రతి శనివారం నా గొంతు తీసేసిందెవరు వర్లీన్? నేను మంచెక్కి వచ్చి నొక్కానా ఆ మీట? నీకు వినబడింది. అందరికంటే బాగా వినబడింది. ఈ జూన్ దాకా ఏం చేస్తున్నావ్ మరి?"

వర్లీన్ తలుపు తోసుకుని బయటికి వచ్చేసింది. దారిలో చెత్తబుట్ట కనబడితే తన్నింది. ఈ ఏటి నుంచి ఫిల్ము డ్రోనుతో తీయిస్తామని, మంచె తాళంచెవి ఇచ్చెయ్యమని సాయంత్రానికి ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. అది చదివి ఆమె పెద్దగా బాధపడలేదు. ఒక దుర్మార్గుడు అన్న మాటను లెక్కచెయ్యాల్సిన పనేముందని తనకు తాను చెప్పుకుంది. ఒకసారి చెప్పుకుంటే సరిపోయేది, రోజూ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆగస్టులో అసలు సీజనుకు ముందు ఆడే పరీక్ష ఆట ఒకటి టీవీలో వేశారు. తొంభై మందిలోంచి యాభై ముగ్గురిని ఉంచుకోవడానికి చివరి పరీక్ష అది. రొసారియో తన ఇంటికి రమ్మని పట్టుబట్టింది. రాయ్స్ ఆమెకు ఫోన్లో జరిగిందంతా చెప్పాడట. వర్లీన్ గుమ్మంలో అడుగు పెట్టగానే కౌగిలించుకుంది. మొక్కజొన్న పిండితో ఆవిరి మీద వండిన తమాలేల పళ్లెం ఒళ్లో పెట్టింది. "నువ్వు లేకపోతే నా కొడుకు గతేమయ్యేది వదినా," అంది. వర్లీన్ పళ్లెం పక్కన పెట్టేసింది. ఎండగా ఉంది, ఆకలి లేదు అని నీళ్లు నమిలింది.

ఎఫ్రైన్‌ను తొమ్మిది బంతులకు ఆడనిచ్చారు. వర్లీన్ లెక్కపెట్టింది. నాలుగింటిలో కాళ్లు మొదటి ఏడాది కాళ్లలా లేచాయి. ఒకసారైతే బంతి మోసేవాడు ఇంకా తిరగక ముందే వెళ్లి గుద్దాడు, రొసారియో వేసిన కేకకు పక్కింటి కుక్క మొరిగింది. మిగతా అయిదింటిలో కాళ్లు నిలబడిపోయాయి. అక్కడ డెల్ లేడు, కోల్ట్ లేడు, ఎవరూ అరవలేదు. అయినా నిలబడిపోయాయి. రొసారియో తొమ్మిదింటికీ చప్పట్లు కొట్టింది. వర్లీన్‌కు చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. కోపంతో ఆమె చెవులు వేడెక్కాయి. ఎవరి మీద అన్నది మాత్రం ఈసారి అంత తేలిగ్గా తేలలేదు.

నెలాఖరు మంగళవారం రాయ్స్ ఫోను చేశాడు. ఎఫ్రైన్‌ను పంపించేశారు.

"విన్నారమ్మా. నమ్మారు కూడా. వీడు మందకొడి కాదు, అర్థమైంది అన్నారు. కానీ మూడేళ్లు కాళ్లలోకి ఎక్కించినదాన్ని దించాలంటే ఏడాది పడుతుంది, ఏడో వరసవాడికి మేం ఏడాది ఇవ్వలేం అన్నారు." అతని గొంతు అలిసిపోయి ఉంది. "ఇదే నాకు రెండేళ్ల ముందు తెలిసుంటే రెండో వరసలో తీసుకునేవాళ్లం. రెండో వరసవాడి కోసం మూడేళ్లయినా ఓపిక పడతారు."

వర్లీన్ జట్టును తిట్టింది. ఏడు వరసలనూ తిట్టింది. ఫోను పెట్టేశాక రాయ్స్‌నూ, టీవీలో కోటు పెద్దమనిషినీ, డెల్‌నూ, డెల్ వంశాన్నీ తిట్టింది. తిట్టడానికి ఎవరూ మిగలకపోయేసరికి వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండేళ్ల ముందు అన్న మాట చెవిలో ఉండిపోయింది. రెండేళ్ల ముందు ఆ కేక ఉన్నది ఆమె అలమరలో.

గురువారం పొద్దున ఎఫ్రైన్ వచ్చాడు. వర్లీన్ వరండాలో చిక్కుళ్లు వలుస్తోంది. ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంటే అది కిర్రుమంది. బరువు తగ్గాడు. మొహం మీద ఏ భావమూ లేదు, రాత పరీక్ష రాసి వచ్చినవాడిలా ఉన్నాడు. ముప్ఫై ఆటల రికార్డింగులూ శబ్దంతో సహా కావాలన్నాడు. ఒక్క జట్టే వింది కదా, మిగతావాళ్లకు పంపి చూస్తానన్నాడు. అయితే ఇన్నాళ్లూ లేని శబ్దం ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని వాళ్లు అనుమానపడతారట. ఎవరో అతికించారంటారట. తనే వివరం రాస్తే మళ్లీ వేలు చూపించినట్టవుతుందని, ఎవరైనా రాసిస్తే బాగుంటుందని, కాలేజీ వాళ్లు మాత్రం రాసివ్వడం కుదరదన్నారని చెప్పాడు. అదంతా నేల చూస్తూ చెప్పాడు. తర్వాత తల ఎత్తాడు.

"మిస్ వర్లీన్, ఒకటడగనా?"

"అడుగు నాయనా."

"శబ్దం ఎందుకు తీసేవాళ్లు మీరు?"

విందు కథ చెప్పొచ్చు. బూతుల కథ చెప్పి నవ్వించొచ్చు. అన్ని కాలేజీల్లో అంతేనని చెప్పొచ్చు. అవన్నీ నోటి దాకా వచ్చాయి.

"తియ్యమన్నారు, తీశాను," అంది.

ఎఫ్రైన్ ఒక చిక్కుడుకాయ తీసి వలిచాడు.

"నన్నూ ఆగమన్నారు, ఆగాను," అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. ఇద్దరం ఒకటే కదా అని ఊరడిస్తున్నట్టే అన్నాడు. ఎత్తిపొడిచి ఉంటే ఆమె భరించేది. ఊరడింపు భరించలేకపోయింది. ఒకటి ఎలా అవుతుంది? వాడు అప్పుడు పందొమ్మిదేళ్లవాడు. ఆగనంటే చోటు పోయేది, చదువు పోయేది, తల్లి ఇంకో పద్దెనిమిదేళ్లు కత్తి పట్టేది. ఆగినందుకూ వాడే చెల్లించాడు. తను యాభై ఎనిమిదేళ్ల మనిషి, పైన కూర్చుని ఉంది, ఎవరికీ భయపడాల్సిన పని లేదు. ఒక్క శనివారం ఆ మీట నొక్కకుండా పంపి ఉంటే చాలు. మహా అయితే డెల్ అరిచేవాడు. ఆమె నొక్కింది, కిందికి దిగింది, ఇంటికెళ్లి అన్నం తింది. ముప్ఫై సార్లు. ఏప్రిల్ నుంచి ఊరందరి మీదా కక్కిన కోపమంతా తిరిగొచ్చి తన ఒళ్లోనే పడింది, చిక్కుళ్ల గిన్నె పక్కన.

ఆమె లేచి లోపలికి వెళ్లింది. అలమరలోవన్నీ ఎప్పుడో ఇంటికి తెచ్చి పెట్టెలో పెట్టింది. పెట్టె తెచ్చి ఎఫ్రైన్ కాళ్ల దగ్గర పెట్టింది. మళ్లీ వెళ్లి వంటింటి బల్ల దగ్గర కాగితం తీసుకుని కూర్చుంది. మొదట కాలేజీ పద్ధతి ప్రకారం అని మొదలుపెట్టింది. కాగితం నలిపి పొయ్యి పక్కన పడేసింది. రెండోది తీసింది. ఈసారి ఆగకుండా రాసింది.

ముప్ఫై ఒక్క జట్లకు వెళ్లిన ఆ ఉత్తరం ఇలా మొదలవుతుంది: "నా పేరు వర్లీన్ కుసేరా. మీరు చూసిన ఆటల్లో శబ్దం తీసేసింది నేను. వినబడుతూ ఉండగానే తీశాను."